చప్పటి మాత్రలు

"రెండు వరసలకీ జ్వరం ఒకేలా తగ్గింది. ఇంక ఇదేం మందు మామ్మా!" డాక్టరు ఎజ్రా కలం పడేసి కళ్ళు నులుముకున్నాడు.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో కొల్లేటి చలిజ్వరాలకి ఏలూరు ఆసుపత్రిలో క్వినైన్ చాల్లేదు. ఎజ్రా నెల రోజులపాటు నేలవేము ఆకు నూరి, తన చేత్తోనే మాత్రలు చుట్టాడు. కిటికీ వరసలో ఆరుగురు ఆడవాళ్ళకి అవి ఇచ్చాడు. మందు పనితనం తేల్చుకోడానికి గోడ వరసలో ఆరుగురికి ఉత్త బియ్యప్పిండి మాత్రలు ఇచ్చాడు. పిండికీ తగ్గే జ్వరమైతే నేలవేము గొప్పేముంది? పడ్డ చాకిరీ అంతా దండగ.

జ్వరం తగ్గి, వెళ్ళొస్తానని చెప్పడానికొచ్చిన కొల్లేటికోట మార్తమ్మ చేతిలో మూట కింద పెట్టింది.

"మంచి మందేనండీ. సగం మాత్రకే పనిచేసింది."

"సగమేంటి?"

"మా కిటికీ వరసవి విషంలా చేదండీ. గోడ వరసవాళ్ళవి చప్పగా ఉన్నాయంట. చేదు లేంది మందెలా అవుద్దండీ? పాపం, వాళ్ళూ మాలాగే వణికిపోతున్నారు. మీరటు తిరగ్గానే మా మాత్రలు సగానికి కొరికి, వాళ్ళూ మేమూ తలో సగం తిన్నాం."

ఎజ్రా గబుక్కున కలం అందుకున్నాడు. సగం మాత్రకే! నెల రోజుల్లో మొదటిసారి అతని నడుం నిటారైంది.

మార్తమ్మ గొంతు తగ్గించింది. "డాక్టరుగారండీ, ఆ చప్పటివి వాళ్ళకి పొరపాటునే ఇచ్చారు కదండీ?"

కలం ఆగిపోయింది.

"పొరపాటే మామ్మా," అన్నాడు, తలెత్తకుండా.