పదకొండో నంబరు

పదకొండో నంబరు గిన్నెను కలంపీర్ మైక్రోస్కోపు కింద పెట్టేది. కానీ చూసేది కాదు. ముఖం పక్కకు తిప్పుకుని, సహాయకుడితో "దౌరెన్, చూసి చెప్పు" అనేది.

బొగ్గుగనుల ఊరు కరగండాలోని ఆ ల్యాబులో ఎముకకు పందిళ్లు తయారుచేస్తారు. గోరంత తెల్లటి ముక్క, నిండా చిల్లులు. ఎముక నుజ్జయిన చోట దాన్ని అమరిస్తే, తీగ పందిరెక్కినట్టు కొత్త ఎముక దాని మీదుగా అల్లుకుంటుంది. కొన్నాళ్లకు పందిరి కరిగిపోతుంది. ఎముక మిగులుతుంది.

నిజంగా అల్లుకుంటుందో లేదో ముందు గిన్నెల్లో చూడాలి. అందుకు ప్రాణమున్న కణాలు కావాలి. ఆసుపత్రిలో ఆపరేషన్లప్పుడు తీసేసిన ఎముక ముక్కల నుంచి అవి వచ్చేవి. పేర్లుండవు, నంబర్లే.

మిగతా నంబర్లు మూడో వారానికల్లా నీరసించేవి. పదకొండు మాత్రం ఆగేది కాదు.

"దీనికి అలుపే లేదక్కా!" అని దౌరెన్ మురిసిపోయేవాడు. "ఒక్కసారి మీరూ చూడండి. అందులో దయ్యమేం లేదు. మీకన్నా మా నాయనమ్మకే ధైర్యం ఎక్కువ."

కలంపీర్ నవ్వేది కాదు. పండగ సెలవుల్లో కూడా వచ్చి ఆ గిన్నెలో పోషక ద్రవాన్ని తన చేత్తోనే మార్చేది. ఒక్కోసారి పని మధ్యలో ఉలిక్కిపడి వెనక్కి తిరిగేది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. ఎవరో పిలిచినట్టయింది."

అలా ఐదేళ్లు దాటాయి. చివరికి ఆ పందిరిని మొదటిసారి ఒక మనిషి కాలిలో పెట్టారు. అతను బొగ్గుగని కార్మికుడు, ఓరల్బాయ్. ఎనిమిది నెలల తర్వాత సీసా నిండా గుర్రపు పాలు కానుకగా పట్టుకుని, కర్ర లేకుండా ల్యాబుకు నడిచి వచ్చాడు. నేల అదిరేలా కాలు తాటించాడు.

"చూడు తల్లీ! ఇప్పుడు గుర్రం తన్నినా గుర్రం కాలే విరుగుతుంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. కలంపీర్ వంగి అతని కాలి ఎముకను రెండు చేతులతో పట్టుకుంది. ఎంతకీ వదలలేదు.

"ఏంటమ్మా, సంతలో గొర్రెను చూసినట్టు చూస్తున్నావ్?" అన్నాడతను ఇబ్బందిగా.

ఆ మధ్యాహ్నమే ఆమె పదకొండో నంబరు గిన్నెలన్నీ పెట్టెలో సర్దింది. ఫ్రీజర్లో దాచినవి కూడా తీసింది. దౌరెన్ తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"మీకేమన్నా అయిందా అక్కా? ఇంత మంచి కణాలు మళ్లీ దొరుకుతాయా? నాలుగు ల్యాబుల వాళ్లు అడుగుతున్నారు!"

"ఆరేళ్లు పని చేయించుకున్నాం దౌరెన్. ఇక పడుకోనీ."

"పడుకోవడమేంటి? అవి కణాలక్కా!"

ఆమె పెట్టె ఎత్తుకుంది. అతన్ని మెల్లగా పక్కకు జరిపి బయటికి నడిచింది. ఆమె వాలకం చూసి భయమేసి, దౌరెన్ కారు తనే నడుపుతానన్నాడు.

ఊరి బయట గడ్డిమైదానంలో శ్మశానం. ఈదురుగాలి. ఒక చిన్న సమాధి పక్కన కలంపీర్ మోకాళ్ల మీద కూర్చుని, జానెడు గొయ్యి తవ్వింది. కాపలా ముసలాయన దగ్గరికొచ్చాడు.

"కొత్తగా ఎవరిని పూడుస్తున్నావమ్మా?"

"కొత్తగా ఎవరినీ కాదు తాతా."

పెట్టెను గోతిలో దించి, మట్టి కప్పి, రెండు చేతులూ ముఖానికి తాకించి ప్రార్థన ముగించింది. దౌరెన్ అప్పటికే రాతి మీది పేరు చదివి, టోపీ తీసి నిలబడ్డాడు.

ఆరేళ్ల కిందట కలంపీర్ అక్కడ పూడ్చిన తొమ్మిదేళ్ల కూతురికి, ఆపరేషన్లో తీసి పదకొండో నంబరుగా ల్యాబుకు పంపిన ఆ కాస్త ఎముక ఒక్కటే ఇన్నాళ్లూ తక్కువైంది.