రెండో చాట

"గీ బొమ్మల మనుషులేరి బిడ్డా?" ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూసింది ఎల్లవ్వ.

"మనుషులుండరు అత్తమ్మా. కంప్యూటర్ ఆటలకు ఇండ్లు, అరుగులు చేసుడే నా పని. ఇయ్యాల పంపితేనే నౌకరికి పిలుస్తరు," అంది కోడలు సింధూజ.

పెళ్లయిన నెలకే భర్త సాగర్ దుబాయి వెళ్లాడు. అప్పటినుంచి ఆమె గదిలో ఒక్కతే కూర్చుని తమ బీడీల అరుగును బొమ్మగా మలుస్తోంది. ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టే చాట, తునికాకు, దారం సరే, కత్తెర మీది తుప్పు కూడా కుదిరిందని పొద్దుటినుంచి ఒకటే మురిసిపోతోంది.

"తప్పు జేసినవ్. ఒక్క చాటేంది? ఒక్కతే కూసోని బీడీలు ఎవలన్న చేస్తరా? పొద్దే పోదు."

"నువ్వు రోజూ ఒక్కదానివే చేస్తవు గదా?"

"ఏం జేద్దు మరి? నువ్వు అర్రలకెల్లి బయటికే రాకపోతివి."

సింధూజ బొమ్మలో రెండో చాట పెట్టింది. ల్యాప్‌టాప్ ఎత్తుకుని అరుగు మీదికి నడిచింది.

"జర జరుగు అత్తమ్మా."