ఈ వయసులో

"ముసిలోడనే గదా, మా అయ్య పొట్ట కోసేత్తామంటన్నారు! రోబో ఆపరేషను కుర్రోళ్ళకేనేటి?" బరంపురం ఆసుపత్రిలో శంకర్ బల్ల గుద్ది అరిచాడు. పక్కనే డెబ్బై ఎనిమిదేళ్ళ తండ్రి మసేను తల వంచుకుని కూర్చున్నాడు.

"వయసుతో పని లేదు." డాక్టరమ్మ గొంతూ లేచింది. "మూడు నెలల కిందట లివర్‌లో క్యాన్సర్ గడ్డ చిన్నదిగా ఉంది. రోబోతో చిన్న గాట్లు పెట్టి తీస్తామన్నాం. ఈ వయసులో ఆపరేషనెందుకని ఫోన్లో వద్దన్నది మీరే. ఇప్పుడది పెద్ద రక్తనాళం దాకా పాకింది. పొట్ట కోయక తప్పదు."

ఆ మాట తనదేనని శంకర్‌కు గుర్తుంది. అది తండ్రి చెవిన పడుతుందనుకోలేదు.

మసేను తలెత్తాడు. "మందులతోనే తగ్గిపోద్దని నాకు సెప్పినావు గదరా?"

శంకర్ బల్ల మీది ఒప్పుదల కాగితం అందుకోబోయాడు. మసేను దాన్ని లాక్కున్నాడు.

"నువ్వు ముట్టుకోకు," అని డాక్టరమ్మ వైపు తిరిగాడు. "కోయండమ్మా. సంతకం నానే పెడతాను."