పేరొద్దు, ముఖం చాలు

ఉడుమలైపేట కొబ్బరిపీచు మిల్లుల సంఘానికి తలైవరు, అంటే అధ్యక్షుడు, కావాలని జగన్నాథన్ మూడుసార్లు ఎన్నికల్లో నిలబడ్డాడు. మూడుసార్లూ చిత్తుగా ఓడిపోయాడు. ఓడితే ఓడాడు, మూడోసారి ఓట్లు లెక్కపెడుతూ ఒకాయన, "జగన్నాథనంటే ఎవురప్పా?" అని ఎదురుగా కూర్చున్న జగన్నాథన్‌నే అడిగాడు. ఆ మాట ఇప్పటికీ గుండెల్లో గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే నాలుగోసారి నామినేషన్ వేసి నేరుగా తమ్ముడి కూతురు కృత్తిక స్టూడియోకి వెళ్ళాడు. ఆ పిల్ల కోయంబత్తూరులో చదువుకుని వచ్చి, ఊళ్ళో ఫోటోలు తీసి ఫ్లెక్సులు వేస్తోంది.

"పెద్దనాయనా, మీకు పర్సనల్ బ్రాండింగ్ లేదు. అదే లోపం," అంది కృత్తిక. "ముఖం చూస్తానే మీరు గుర్తుండిపోవాల. ఆదివారం ఒక షూట్ పెడతాము. అందాక బాగా తయారు కండి."

"నాకు ఒకటే ఆశమ్మా. దావన పోయే ప్రతివాడి కన్నూ నా మీదనే పడాల."

"పడుతుంది పెద్దనాయనా."

ఆ వారమంతా ఇంట్లో శనగపిండీ మిగల్లేదు, పెరుగూ మిగల్లేదు. అన్నీ ఆయన ముఖానికే పోయాయి. మీసానికి రంగేశాడు. తెల్లవెంట్రుక తొంగిచూస్తోందని రెండోసారి వేశాడు. ఎందుకైనా మంచిదని మూడోసారీ వేశాడు. ఇప్పుడు మనిషి కన్నా ముందు మీసమే గుమ్మం దాటుతోంది.

నవ్వు మాత్రం కుదరలేదు. అద్దం ముందు నవ్వుతుంటే భార్య సౌందరం కంగారుగా వచ్చి, "పన్ను నొప్పాండి?" అనడిగింది. దాంతో నవ్వు మానేసి చూపు మీద పడ్డాడు. నాయకుడి చూపు. కళ్ళు పెద్దవి చేసి, కనుబొమలు ఎగదీసి, రెప్ప వేయకుండా పొద్దున అరగంట, సాయంత్రం అరగంట సాధన.

"అట్ల చూడొద్దండి. పాలు తెచ్చే అముద రెండునాళ్ళుగా చెంబు గేటు కాడే పెట్టి పోతా ఉండాది," అంది సౌందరం.

"మర్యాద నేర్చుకునింది," అన్నాడు జగన్నాథన్.

పక్కింటి మాలిని అన్నం తినని బిడ్డను చంకనేసుకొచ్చి, "ఒకసారి దీన్ని చూడండి మామా," అంది. చూశాడు. బిడ్డ కిక్కురుమనకుండా గిన్నె ఖాళీ చేసింది. పిల్లలకు కూడా తనంటే గురి కుదిరిందని ఆయన మురిసిపోయాడు.

ఆదివారం నల్లకోటు తొడుక్కుని లైట్ల ముందు నిలబడ్డాడు. కెమెరాలో కొట్టొచ్చినట్టు కనిపించాలని కృత్తిక కళ్ళకు కాటుక దిద్దింది. వెంట వచ్చిన సౌందరం ఒకసారి చూసి బయటికి పోయి నిలబడింది. పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆమె ఆయన ఎదుట నిలబడలేకపోవడం అదే మొదలు.

రెండొందల ఫోటోలు తీసి, అందులో ఒకటి కంప్యూటరు తెర నిండా పెట్టింది కృత్తిక. సరిగ్గా అప్పుడే కరుప్పుసామి లోపలికొచ్చాడు. ధారాపురం రోడ్డులో మేడ కడుతున్నాడు. కూతురి చెవులు కుట్టే వేడుకకు ఫ్లెక్సు చెప్పాలని వచ్చినవాడు, తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పాపా, ఇది నాకు ఒకటి కావాల. ఆరడుగులు."

జగన్నాథన్‌కు కడుపు నిండిపోయింది. "కింద నా పేరు పెద్దదిగా వెయ్యమ్మా."

"పేరొద్దు సామీ," అన్నాడు కరుప్పుసామి. "ముఖం చాలు. ఆ కండ్లు చాలు."

కృత్తిక ఎందుకో దగ్గింది. "చూసినారా పెద్దనాయనా, పెద్ద బ్రాండుకు పేరు అక్కరలేదు."

అక్కడితో ఆగలేదు. ధారాపురం రోడ్డు వాళ్ళే ఇంకో పదకొండు మంది అడిగారు. ఆ పక్క టమాటా తోటల రైతులు ఇరవై పట్టుకుపోయారు. ఎక్కడో వాడిపట్టి నుంచి ఒక మేస్త్రీ ఫోన్ చేసి ఏడు చెప్పాడు.

"తోటలోళ్ళకు, మేస్త్రీలకు సంఘంలో ఓటే లేదు కదండి," అంది సౌందరం.

"గాలి మళ్ళింది. నీకు తెలీదు, ఊరికే ఉండు."

ఆయన మిల్లు ఊరికి ఈ పక్కన ఉంది. ధారాపురం రోడ్డు తొక్కి నెలలైంది. లేకపోతే ఆ వైభవం ఎప్పుడో కళ్ళారా చూసేవాడే.

ఓట్ల రోజు వచ్చింది. సభ్యుల్లో సగం మంది ఆ రోడ్డు మీదుగా రావాల్సినవాళ్ళే. వచ్చినవాడు వచ్చినట్టే ఆయన ముందు ఆగిపోయాడు.

"మిమ్మల్ని రోజూ చూస్తా ఉంటామే," అన్నాడొకడు.

"మీరుండంగ మాకేమి భయం," అని ఒకామె చేతులెత్తి దండం పెట్టింది.

మూడుసార్లు గెలిచిన శరత్‌కుమార్, అంత అందగాడు, ఒక మూలన నిలబడి టీ తాగాడు. జగన్నాథన్ ఎనభై ఓట్ల తేడాతో గెలిచాడు. సంతోషం పట్టలేక అందరి ముందూ ఏడ్చేశాడు కూడా.

మెడలో దండ తీయకుండానే కారు తీశాడు. "పద, కరుప్పుసామికి ఒక నమస్కారం పెట్టొస్తాము. నన్ను ఎంత గౌరవంగా పెట్టుకున్నాడో చూడాల."

"ఇంటికి పోతామండి. మజ్జిగ తాగి పండుకుందురు."

"నువ్వు ఎక్కు ముందు."

ధారాపురం రోడ్డు మలుపు తిరిగేసరికి, సగం కట్టిన మేడ రెండో అంతస్తు మీద, బూడిదగుమ్మడికాయకూ నిమ్మకాయ మిరపకాయల దండకూ నడుమ, ఇంటికి దిష్టి తగలకుండా తలైవరు గారి ఆరడుగుల ముఖం గుడ్లురిమి రోడ్డు వంక చూస్తోంది.