మీసాల రాణి

"డబ్బా మీద అంకె చెప్పండి చాలు. నాణెం చూపించక్కర్లేదు."

కొట్లోకి ఎవరొచ్చినా నాణేల వ్యాపారి అనే మొదటి మాట అదే. అందుకే బజారంతా ఆయన్ను చూడని షావుకారు అని పిలిచేది.

ఆయన వ్యాపారం అలాంటిది మరి. పాత నాణేలను పరీక్షించే కంపెనీ ఒక్కో నాణేన్నీ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తెరవడానికి వీల్లేకుండా అతికిస్తుంది. అది అసలుదేనని రాసి, ఎంత బాగుందో ఒక అంకె వేస్తుంది. ఆ అంకెను నమ్మి ఎక్కడో ఉన్నవాడు ఎక్కడో ఉన్నవాడికి ఫోన్‌లో ధర రాసి పంపుతాడు. సరుకు చూసేది లేదు, మనిషిని చూసేది లేదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకునేది అసలే లేదు.

అలా మొహం చూడకుండా సంపాదించుకున్న స్నేహితుడు ఖాయంగారు. ఏ బేరం రాసినా ఆయన నుంచి 'ఖాయం' అని ఒక్క ముక్క జవాబు వచ్చేది. అదే ఆయన పేరైపోయింది. ఏళ్ల తరబడి బేరాలు నడిచాయి కానీ, ఆయన గొంతు కూడా షావుకారు ఎన్నడూ వినలేదు.

ఒక్కసారి మా ఊరు రండి, మా నాన్న కుర్చీలో కూర్చోబెడతాను అని షావుకారు ఎన్నిసార్లు రాశాడో.

"ముందు ఆ కుర్చీ మీది డబ్బాలు తియ్యండి" అనేది భార్య.

చూడకుండా చేసిన బేరాల్లో ఒక్కదాంట్లోనే ఆయన చెయ్యి కాలింది. తండ్రి పోయిన ఏడాది కొట్టు సర్దుతూ, ఒక సంచెడు పాత నాణేలను విప్పైనా చూడకుండా గంపగుత్తగా అమ్మేశాడు. మీసాల రాణి అందులోనే వెళ్లిపోయింది.

అది తండ్రి ఇచ్చిన వెండి నాణెం. చిన్నప్పుడు షావుకారు మేకు పట్టుకుని దాని మీది రాణిగారికి మీసాలు గీశాడు. వీపు విమానం మోత మోగుతుందనుకుంటే, తండ్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇక దీన్నెవడూ కొనడురా. జన్మంతా నీ దగ్గరే ఉంటుంది" అన్నాడు.

ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా షావుకారుకు గుండె కలుక్కుమనేది.

కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. మొదట్లో గీతలు పడ్డ రాణి ఎక్కడో ఉందంటే చాలు, భూతద్దం తీసుకుని పరిగెత్తేవాడు. ఎంతమంది రాణుల్ని చూసినా ఒక్కరికీ మీసాలు లేవు. చివరికి విసుగొచ్చి చూడటమే మానేశాడు. ఖాయంగారికి కూడా ఎప్పుడో రాశాడు, కనబడితే చెప్పమని. జవాబు మామూలే, ఖాయం.

ఆ రోజు పొద్దున ఒక బంగారు నాణేనికి ధర పంపితే, ఖాయంగారి దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. షావుకారు ఫోన్ మీంచి కన్ను తిప్పలేదు.

భుజాన సంచితో ఒక పెద్దమనిషి లోపలికి వచ్చాడు. కూర్చుందామని చూశాడు కానీ, ఉన్న ఒక్క కుర్చీ మీదా డబ్బాలే.

"ఒక వెండి నాణెం తెచ్చానండీ. చూస్తారా?"

"అంకె ఎంత?"

"కంపెనీవాళ్లు అంకె వెయ్యలేదు. అసలుదే, గీతలు పడ్డాయని రాశారు. రాణి బొమ్మ."

షావుకారు నిట్టూర్చాడు. వెండి తూకం ధర ఇస్తాను, ఇష్టమైతే ఉంచండి అన్నాడు.

"ఒక్కసారి చూడండి."

"చూస్తే గీతలు పోతాయా?"

"పోకూడదండీ" అన్నాడు పెద్దమనిషి నవ్వుతూ.

తర్వాత మంచినీళ్లు అడిగాడు. షావుకారు తలెత్తకుండానే మూలనున్న కూజా చూపించాడు. ఆయనే వంచుకుని తాగాడు. గోడ మీది తండ్రిగారి ఫొటో కేసి కాసేపు చూసి, డబ్బాను బల్ల మీద పెట్టాడు. మీ ధరకే ఇచ్చాను, మధ్యాహ్నం బస్సుకు వెళ్లాలి, డబ్బులు మళ్లీ వచ్చినప్పుడు తీసుకుంటాను అని చెప్పి వెళ్లిపోయాడు.

వెర్రిబాగుల మనిషి అనుకున్నాడు షావుకారు.

మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చింది. అది పెట్టడానికి బల్ల మీది డబ్బా పక్కకు జరపబోయి ఆగిపోయింది.

"ఏవండీ, మీ రాణిగారు ఇంటికొచ్చారు."

షావుకారు చూశాడు. కుడి మీసం కంటే ఎడమ మీసం కాస్త పొడుగు. మేకు జారిన చోట రాణిగారి చెవిదాకా పోయింది. ఆయనకు నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. చెప్పులైనా వేసుకోకుండా బస్టాండుకు పరిగెత్తాడు. బస్సు అప్పుడే మలుపు తిరుగుతోంది.

తిరిగొచ్చాక, ఇంతటి కబురు ఎవరితో చెప్పుకోవాలో ఆలోచించనక్కర్లేకపోయింది. ఖాయంగారికి రాశాడు. "మా నాన్న నాణెం దొరికింది. ఎవరో మహానుభావుడు తెచ్చిచ్చాడు. నా తలపొగరు, ఆయన మొహమైనా చూడలేదు. పేరు అడగలేదు, కూర్చోమనలేదు. ఇప్పుడు ఆయన్ని ఎక్కడ వెతకను?"

పొద్దుటి నుంచి మూగబోయిన ఫోన్ ఈసారి వెంటనే మోగింది. ఎన్నడూ లేనిది, జవాబు ఒక్క ముక్కకు మించి ఉంది.

"బస్సులో ఉన్నాను. ఈసారి కుర్చీ మీది డబ్బాలు తీసి ఉంచండి, కూర్చోవడం ఖాయం."