ఒంటి చేతి ఆట

సెలవుల సేల్‌లో అది ఆఖరి శనివారం. వీడియో గేమ్‌ల షాపు లోపల కాలు పెట్టడానికి చోటు లేదు.

గోడకున్న డబ్బాల వైపు చూస్తూ ఆమె నిలబడి గంట దాటింది.

ఆమె దర్జీ. మనిషిని ఓరకంట చూసి చొక్కా కొలత చెప్పగలదు. ఇక్కడ మాత్రం ఏ డబ్బా చూసినా కత్తి పట్టినవాడే, వెనకాల మంటలే.

ఆట తమ్ముడి కోసం. అతను క్రేన్ నడిపేవాడు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయి నాలుగు నెలలయింది. ఒకప్పుడు డ్యూటీ దిగితే అతనికి గేములే లోకం. ఇప్పుడు గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు.

ఆడి చూసుకోవడానికి షాపువాళ్ళు పెట్టిన కంట్రోలర్‌ని ఆమె ఎడమ చేత్తో పట్టుకుని నొక్కి చూసింది. సగం బటన్లు వేళ్ళకి అందలేదు.

"ఆ ఆట వద్దమ్మా."

వెనక్కి తిరిగింది. బక్కపలచటి పెద్దాయన. స్వెట్టర్ గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు.

"ఒంటి చేతి మనిషికా?" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"మీరు నొక్కే తీరు చూశాను. కుడి చెయ్యి బొత్తిగా కదలదా, వేళ్ళేమైనా ఆడతాయా?"

ముక్కూ మొహం తెలియనివాడు అలా అడిగేసరికి ఆమెకి ఒళ్ళు మండింది.

"మీకెందుకండీ అవన్నీ?"

ఆయన ఏమీ అనుకోలేదు. కింద అరలోకి వంగి, దుమ్ము పట్టిన డబ్బా ఒకటి లాగాడు. దాని మీద చిన్న పడవ బొమ్మ.

"ఇది తీసుకోండి. ఒక్క బటన్ చాలు. తొందర పెట్టదు. ఎంతసేపు ఆలోచించుకున్నా పడవ ఆగే ఉంటుంది."

"చంటిపిల్లల ఆటలా ఉంది. మా తమ్ముడు ఇరవై అంతస్తుల ఎత్తున కూర్చుని క్రేన్ నడిపినవాడు. ఇది ఇస్తే నా మొహాన కొడతాడు."

"కొట్టనివ్వండమ్మా. ఆ తర్వాత ఆడతాడు."

ఇంతలో సేల్స్‌మన్ వచ్చాడు.

"మళ్ళీ తయారయ్యారా పెద్దాయనా? మీరు కొనరు, కొనేవాళ్ళని కొననివ్వరు. నడవండి బయటికి!"

పెద్దాయన ఆమె వైపు చూశాడు. 'ఆయన నాతో మాట్లాడుతున్నారు' అని ఒక్క ముక్క అంటే సరిపోయేది.

ఆమె చూపు తిప్పుకుంది.

ఆయన డబ్బాని ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి, జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళిపోయాడు.

"కొంచెం తిక్క మనిషి మేడమ్. వారం నుంచీ ఇదే గోల," అన్నాడు సేల్స్‌మన్. "ఇవిగో, ఈ మూడింటికీ జనం ఎగబడుతున్నారు. సేల్‌లో కొన్నవి మాత్రం వాపసు తీసుకోం."

మూడూ కొంది.

డబ్బాలు చూడగానే తమ్ముడు లేచి కూర్చున్నాడు.

"అక్కా! నీకివన్నీ ఎలా తెలుసు?"

మొదటి ఆటలో వీరుడు గోతి దూకలేక ఏడుసార్లు చచ్చాడు. రెండో ఆటలో కారు బయలుదేరిన చోటే గోడని గుద్దుకుంది. మూడోది మొదలవడానికే రెండు చేతులూ కావాలంది.

"కుడి వైపువి నన్ను నొక్కమంటావురా?"

"అయ్యేది కాదక్కా."

కంట్రోలర్ మెల్లగా పక్కన పెట్టాడు.

"బాగున్నాయి. రేపు ఆడతాలే."

మళ్ళీ గోడకేసి తిరిగాడు. ఏం చెయ్యాలో పాలుపోక, ఆమె కంట్రోలర్ వైరు చుడుతూ కూర్చుంది. చుట్టింది విప్పి మళ్ళీ చుట్టింది.

మర్నాడు షాపుకి పరుగెత్తింది. కింద అర ఖాళీగా ఉంది.

"పాత సరుకు పొద్దున్నే పంపించేశాం మేడమ్. అది ఇక రాదు. తయారుచేసిన కంపెనీయే మూతపడింది."

"పోనీ, ఆ పెద్దాయన ఎక్కడుంటారు?"

"ఎవరికి తెలుసు? నిన్నటి నుంచి కనబడలేదు. పీడా విరగడైంది."

సోమవారం తమ్ముణ్ణి ఆసుపత్రిలో చేతి కసరత్తులకి తీసుకెళ్ళింది. ఫిజియోథెరపిస్టు అతని వేళ్ళు ఒక్కొక్కటే వంచుతూ సంగతంతా వింది.

"కొనేముందు మమ్మల్ని ఒక్క మాట అడగాల్సిందండీ."

సొరుగులోంచి లావుపాటి నోటుబుక్కు తీసింది. పేజీ పేజీకీ గేమ్‌ల పేర్లు. పేరు పక్కన చేతిరాత.

'ఎడమ చేత్తో ఆడొచ్చు.'

'ఒక్క వేలు చాలు. మూడో మెట్టు దగ్గర ఓపిక పట్టాలి.'

ఆమె కొన్న మూడూ ఒకే పేజీలో ఉన్నాయి.

'వద్దు. మనసు విరుగుతుంది.'

తమ్ముడు పుస్తకం ఒళ్ళోకి లాక్కుని, ఎడమ చేత్తో పేజీలు తిప్పసాగాడు.

"ఇది రాసిన డాక్టరుగారిని ఒకసారి కలవొచ్చా?" అని అడిగింది ఆమె.

"డాక్టరు కాదండీ, ఒక పెద్దాయన. సేల్‌లోనే అందరూ తెలియక కొనేస్తారని ఏటా ఆ షాపులో నిలబడేవారు. ఇక అక్కడ అడుగు పెట్టనివ్వరట. ఇవాళ పొద్దున్నే వచ్చి పుస్తకం ఇచ్చేసి, ఊరు వదిలి వెళ్తున్నానన్నారు. అడ్రసు అడిగితే నవ్వి ఊరుకున్నారు."



తమ్ముడు తలెత్తాడు. "ఇన్ని ఆడారంటే, ఆయనకి గేములంటే ప్రాణమనుకుంటాను."

ఫిజియోథెరపిస్టు తల అడ్డంగా ఊపింది.

"అసలు గిట్టవండీ. కుడి చెయ్యి పడిపోయిన భార్య కోసం మొదలుపెట్టారు, ఆవిడ పోయి రెండేళ్ళయినా, వచ్చిన ప్రతి కొత్త ఆటనీ తన కుడి చెయ్యి కుర్చీకి కట్టేసుకుని, చివరిదాకా ఆడి మరీ రాశారు."