నలుపే పెట్టు నాయనా

"అక్కా, మీ అమ్మ ఎరుపా, చామనఛాయా? ఒంటికి ఏ రంగు ఎయ్యాల?"

కంప్యూటరు మీంచి తల తిప్పకుండానే అడిగాడు స్టూడియో అవినాష్.

రెజీనా తెర మీది ఫోటో వైపు వంగి చూసింది.

ఎల్లుండే కూతురు ప్రేమజ్యోతి పెళ్లి. పందిట్లో తన కన్నతల్లి ఫోటో రంగుల్లో నిలబెట్టాలని రెజీనా పంతం. అందుకే నూరు పనులు వదిలేసి, పొద్దున్నే బస్సెక్కి కర్నూలు వచ్చి పడింది.

ఉన్నది ఒకే ఒక్క ఫోటో. అదీ బ్లాక్ అండ్ వైట్. ఇంటి ముందు కుర్చీ వేసి, వెనక ఒక దుప్పటి పట్టించి తీసింది. తల్లి కృపమణి ఒళ్లో మూడు నెలల రెజీనా.

ఆ బిడ్డకు ఊహ తెలియకముందే తల్లి కన్ను మూసింది. ఏ రంగు అని అడగడానికి, చూసినవాళ్లు మిగిలితే గదా! నాయన పోయాడు. పెంచిన అవ్వా పోయింది. మేనమామ ఒకడుంటే, అక్క పోయిన దుఃఖంలో మీసమన్నా రాకముందే ఇల్లు విడిచిపోయాడు, మళ్లీ జాడ లేదు.

"చెప్పక్కా, నీ వెనక ఇంకా నలుగురుండారు."

"ఉండప్పా, ఆలోచిస్తాండా."

ఫోను మోగింది. వంటాయన. కట్ చేసింది. మళ్లీ మోగింది. రెజీనా లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"నలుపే పెట్టు నాయనా."

అందరూ తలుపు వైపు చూశారు.

ఒక ముసలాయన. అరవై అయిదు దాటుంటాయి. కాళ్ల నిండా నాపరాళ్ల దుమ్ము. పరుగున వచ్చినట్టు రొప్పుతున్నాడు. కుడిచేతిని తుండుగుడ్డలో చుట్టుకున్నాడు.

అవినాష్ నవ్వాడు. "తాతా, ఈ కాలంలో బ్లాక్ అండ్ వైట్ ఎవరికి కావాల?"

"నలుపులోనే కళ ఉండాది ఆయమ్మకు. మార్చినావంటే ఇంకెవరో అయిపోతాది."

అసలే చిరాకులో ఉన్న రెజీనా గయ్యిమంది.

"పెద్దాయనా, ఇది నా తల్లి ఫోటో. కలరే ఏపిచ్చుకుంటానో, చించే పారేస్తానో, మధ్యలో నీకేం నొప్పి?"

"అది గాదు తల్లీ, నేను చెప్పేది ఫోటో సంగతి గా..."

"అంత తెలిస్తే నువ్వే ఒక స్టూడియో పెట్టుకో పో!"

వెనకున్న నలుగురూ ఫక్కున నవ్వారు.

ముసలాయన చేతికున్న తుండుగుడ్డ బిగించుకున్నాడు. తెర మీది ముఖాన్ని ఒకసారి, రెజీనా ముఖాన్ని ఒకసారి కళ్లారా చూసుకున్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"ఎరుపే ఎయ్యప్పా. మా అమ్మ రాణి మాదిరి ఉండాల" అంది రెజీనా.

"సరేక్కా. ఈ అంచున ఎవరివో వేళ్లు పడినాయి, దుప్పటి పట్టుకోని. పెద్దది చేస్తే ఆరొస్తాండాయి చూడు! ఈ కంప్యూటరుకు వేళ్ల లెక్క రాదు, ఏ బొమ్మకైనా ఒకటి ఎక్కువే పెడతాది. తుడిచేద్దునా?"

"తుడిచెయ్, తుడిచెయ్. బస్సు పోతాది నాకు."

సాయంత్రానికి ఫోటో పందిట్లో నిలబడింది. గులాబీరంగు చీరలో ఎర్రగా, నున్నగా కృపమణి. చూసినవాళ్లంతా శానా బాగుండాదన్నారు.

రెజీనాకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది. ఎవరి తల్లినో తెచ్చి పెట్టుకున్నట్టుంది.

అంతలో పక్కింటి సుంకులమ్మ ఒక సంచి తెచ్చి చేతిలో పెట్టింది.

"పొద్దున నువ్వట్ల పోతానే ఒకాయన ఇచ్చిపోయినాడు వదినా. పెళ్లికూతురికంట."

సంచిలో తెల్లచీర. పెళ్లికూతురు చర్చిలో కట్టుకునేది.

"ఎవరంట?"

"చెప్పలా. నువ్వు యాడ అనడిగినాడు. వాళ్లమ్మ ఫోటోకు రంగు ఏపిచ్చను కర్నూలు పోయిందని, స్టూడియో పేరు చెప్పినా. 'అయ్యో, ఆయమ్మ నేరేడుపండు మాదిరి నలుపు, ఆ పిల్లకు తెలీదు, పోయి చెప్పొస్తా' అని ఒకటే ఉరుకు. కలవలేదా ఏంది?"

రెజీనా పందిట్లోని ఎర్రటి ముఖం వైపు తిరిగింది. నలుపే పెట్టు అని ఆయన అన్నది ఫోటో గురించి కాదు!

"ఏ ఊరాయన? యాడ ఉంటాడంట?"

"ఏమో వదినా. రాళ్లగనుల్లో పని అన్నాడు, అంతే. సంచి ఇస్తాంటే చూసినా, కుడిచేతికి ఆరు వేళ్లు."

రెజీనా గబగబా ఇంట్లోకి పోయి పాత ఫోటో తీసింది. దీపం కిందికి తెచ్చి, అంచున దుప్పటి పట్టుకున్న వేళ్లను ఒక్కొక్కటే తడుముతూ లెక్కపెట్టింది.

ఆరు.

"ఎండలో దుప్పటి పట్టుకోని నిలబడినోడు నీ మేనమామ ఏసేపే పాపా, వాని ఫోటో అంటే మనకు ఈ వేళ్లే" అని అవ్వ చచ్చేదాకా చూపించిన ఆ వేళ్లనే, పొద్దున తుడిచెయ్, తుడిచెయ్ అంది తను.